ప్రజాస్వామ్యమున సామాన్య పౌరుడు

పూర్వము రాజులు పరిపాలించు కాలమున సామాన్యునకు రాజ్యముతో గల సంబంధము మిక్కిలి స్వల్పముగా నుండెడిది. పండిన పంటలో రాజభాగము చెల్లించుట, దండు కదలినప్పుడు దారి తొలగుట, సింహాసనముపై రాజు మారినప్పుడు దండోరా వినుట - ఇంతకు మించి అతడు చేయవలసినది గాని, చేయదగినది గాని లేకుండెను. రాజు మంచివాడైనచో అది తమ పుణ్యమనియు, చెడ్డవాడైనచో అది తమ కర్మమనియు జనులు సరిపెట్టుకొనెడివారు. రాజు ధర్మాత్ముడగునా కాదా యను ప్రశ్న, వానలు కురియునా కురియవా యను ప్రశ్న వంటిది. దానిని గూర్చి దేవుని ప్రార్థింపవచ్చును గాని, ఎవరినీ నిలదీసి అడుగుటకు వీలులేదు.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు ఈ సంబంధము తలక్రిందులయ్యెను. ఆ రాజ్యాంగపు పీఠికలో ఏ రాజు పేరును లేదు, ఏ నాయకుని పేరును లేదు. దానిని తమకు తామే ఇచ్చుకొన్నవారు భారత ప్రజలని అందు చెప్పబడినది. అనగా నేటి మన దేశమున ఏలికలు ప్రజలే. మంత్రులు, శాసనసభ్యులు, కలెక్టర్లు మొదలగువారందరు ప్రజల పనిని ప్రజల సొమ్ముతో చేయుటకు నియమింపబడినవారు.

ఇది వినుటకు సొంపుగా నున్నది. కాని బాలబాలికలారా, ఇచ్చట ఒక సందేహము కలుగుట సహజము. కోట్లకొలది జనులు ఏలికలైన యెడల అందు ఒక్కొక్కరు చేయు ఏలుబడి యెట్టిది? మన వీధిలో కూరలమ్ము అవ్వ, రిక్షా త్రొక్కు తాత, పొలములో నాట్లు వేయు స్త్రీలు - వీరు ఏ పని చేయునప్పుడు ఏలికలగుచున్నారు? పౌరధర్మములను గూర్చిన పుస్తకములలో దీనికి సమాధానముగా పెద్ద పట్టిక యొకటి కనబడును. పన్నులు చెల్లింపవలెను, చట్టములను గౌరవింపవలెను, వీధులను శుభ్రముగా నుంచవలెను అని అందు వ్రాసియుండును. అవి యన్నియు సత్యములే. కాని రాజుల కాలపు జనులు కూడ పన్నులు చెల్లించిరి, ఆజ్ఞలకు లోబడిరి. ప్రజాస్వామ్యమున క్రొత్తగా వచ్చిన పని యేది? దానిని తెలిసికొనుటకు మన దేశమున నిజముగా జరిగిన కొన్ని సంగతులను చూతము.

స్వతంత్ర భారతమున మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు 25న ఆరంభమై 1952 ఫిబ్రవరి వరకు సాగినవి. హిమాచల ప్రదేశములోని చినీ అను కొండ ప్రాంతమున, మంచు పడి దారులు మూసికొనిపోక ముందే, అందరికంటె ముందుగా ఓట్లు వేయించిరి. నాడు దేశమంతట ఓటు హక్కు గలవారు రమారమి 17 కోట్ల 30 లక్షలు. 21 సంవత్సరములు నిండిన ప్రతి పురుషునకును, ప్రతి స్త్రీకిని ఆ హక్కు లభించెను. (ఈ వయస్సును 1989లో 18 సంవత్సరములకు తగ్గించిరి.) ఆంగ్లేయుల పాలనలో జరిగిన ఎన్నికలలో ఆస్తియో, పన్నో, చదువో గల కొద్దిమందికే ఓటుండెడిది. స్వతంత్ర భారతము అట్టి ప్రశ్న యేదియు అడుగలేదు. కోటీశ్వరునకును ఒక్క ఓటే, అతని బండి తోలువానికిని ఒక్క ఓటే.

1951 జనాభా లెక్కలను బట్టి నాడు మన దేశమున అక్షరము వచ్చినవారు నూటికి 18 మంది మాత్రమే. చదువురాని జనులు ఓటు వేయుట యెట్లని కొందరు నవ్విరి, కొందరు భయపడిరి. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరైన సుకుమార్ సేన్ దీనికి సులువైన ఉపాయము నమలుపరచెను. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క గుర్తు నిచ్చి, ఆ గుర్తు బొమ్మను అతని పెట్టెపై అతికించిరి. ఓటరు తెరచాటునకు పోయి, తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో చీటీని వేసి వచ్చిన చాలును. చదువనక్కరలేదు, వ్రాయనక్కరలేదు. ఒకడే రెండు మారులు వేయకుండ వ్రేలిపై చెరగని సిరా చుక్కను పెట్టిరి. ఆ సిరా చుక్కను మీరు మీ తల్లిదండ్రుల వ్రేళ్లపై చూచియే యుందురు.

ఐతే ఓటు వేయుటకంటె ముందొక మెట్టున్నది. ఓటర్ల జాబితాలో పేరుండవలెను. జాబితాలు వ్రాయు ఉద్యోగులు ఇల్లిల్లు తిరుగుచు పేర్లడిగినప్పుడు ఎవరును ముందుగా ఊహింపని చిక్కొకటి వచ్చెను. ఉత్తర దేశమున పలువురు స్త్రీలు తమ పేరు చెప్పుటకు అంగీకరింపలేదు. "నేను ఫలానావాని భార్యను", "ఫలానావాని తల్లిని" అని మాత్రమే చెప్పిరి. పరాయి పురుషుని యెదుట తన పేరు పలుకుట అమర్యాదయని వారి నమ్మకము. మన తెలుగునాట వెనుకటి తరపు ఇల్లాండ్రు భర్త పేరు పలుకక "పిల్లల నాయన" అని చెప్పుట మీరు వినియుందురు. అచ్చటి స్త్రీలు భర్త పేరు చెప్పి తమ పేరును దాచుకొనిరి. చెప్పించుకొనక వ్రాసికొన్న ఉద్యోగులును అనేకులు. అందుచేత జాబితాలలో లక్షలకొలది "ఫలానావాని భార్యలు" చేరిరి.

సుకుమార్ సేన్ దీనికి అంగీకరింపలేదు. ఓటరు తన సొంత పేరుతోనే జాబితాలో నుండవలెనని ఆజ్ఞాపించెను. తమ పేర్లు చెప్పని సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితాలనుండి తొలగింపవలసి వచ్చెను. వీరిలో ఎక్కువ మంది బీహారు, ఉత్తర ప్రదేశము, మధ్య భారతము, రాజస్థాను, వింధ్య ప్రదేశములకు చెందినవారు. మొదటిమారు చదివినప్పుడు ఈ ఆజ్ఞ నాకు మిక్కిలి కఠినముగా తోచినది. అజ్ఞానముచేతనో, ఆచారముచేతనో చేసిన తప్పునకు అంత శిక్షయా యనిపించినది. కాని ఆలోచించి చూడుడు. ఫలానావాని భార్య యను పేరుతో వేసిన ఓటు ఆమెదగునా, ఆ ఫలానావానిదగునా? ఓటు కుటుంబమున కిచ్చినది కాదు, కులమున కిచ్చినది కాదు, ఒక్కొక్క మనుష్యునకు విడివిడిగా నిచ్చినది. ఆ సంగతి దేశమునకు తెలియవలెనన్నచో ఎచ్చటనో ఒకచోట గట్టిగా చెప్పక తప్పదు. 1957లో రెండవ సాధారణ ఎన్నికలు వచ్చునప్పటికి పేర్లు చెప్పు స్త్రీల సంఖ్య ఎంతయో పెరిగెను.

ఆ మొదటి ఎన్నికలలో నూటికి 45 మంది ప్రాంతమున ఓటు వేసిరి. 2024 లోక్‌సభ ఎన్నికలలో నూటికి 66 మంది వేసిరి. చదువురానివారికి ఓటేలయని నవ్వినవారి మనుమలు నేడు సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. 2024లో హైదరాబాదు లోక్‌సభ నియోజకవర్గమున, అన్ని విద్యాలయములు, అన్ని వసతులు గల ఆ మహానగరమున, ఓటర్లలో సగముమంది కూడ పోలింగు కేంద్రమునకు రాలేదు.

ఇక రెండవ సంగతి. ఎన్నికలు సామాన్యముగా ఐదేండ్ల కొకమారు వచ్చును. ఐదేండ్లలో సుమారు 1,800 దినములు కలవు. ఓటు వేయునది అందొక్క దినము. మిగిలిన దినములలో ఏలిక యేమి చేయవలెను? దీనికి నెల్లూరు జిల్లాలోని స్త్రీలు చెప్పిన సమాధానము దేశమంతట వినబడినది.

1991 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము సాగుచుండెను. పగలెల్ల పొలములలో నడుము వంచి పనిచేసిన స్త్రీలు రాత్రివేళ దీపము చుట్టు కూర్చుండి అ ఆలు దిద్దిరి. మొదట నేర్చినది తమ పేరు వ్రాయుట. అంతవరకు వ్రేలిముద్ర వేసిన చేయి సంతకము చేయుట నేర్చెను. వారి వాచకములలోని పాఠములు చిలుకను గూర్చియు, చందమామను గూర్చియు వ్రాసినవి కావు. కూలి, అప్పు, త్రాగుడు మొదలగు వారి బ్రతుకులోని విషయములే అందుండెను. సారా వలన చితికిపోయిన కుటుంబపు కథ యొకటి అందు కలదు. పాఠము చదివిన పిమ్మట దానిని గూర్చి మాటలాడుకొనవలెనని బోధకులు చెప్పిరి. మాటలాడుకొనుటయే తడవుగా, ఆ కథ ఎవరిదో కాదని, తమలో ప్రతి యింటిదనియు వారికి తెలిసెను.

నాటి పరిస్థితి యెట్టిదో కొంచెము చెప్పవలెను. సారా అమ్ముకొను హక్కును ప్రభుత్వము ఏటేట వేలము వేసెడిది. పాడుకొన్న గుత్తేదారు ఎంత ఎక్కువ అమ్మిన అంత లాభము. సారాను చిన్న ప్లాస్టిక్ పొట్లములలో నింపి జీపులలో ఊరూరికి పంపెడివారు. మంచినీరు సరిగా లేని ఊళ్లకు కూడ సారా పొట్లములు వేళ తప్పక చేరుచుండెను. దినమంతయు పనిచేసి తెచ్చిన కూలి సాయంకాలమునకు దుకాణములో ఖర్చు కాగా, ఇంటికి వచ్చునది తిట్లు, దెబ్బలు. దీనికి ఆ స్త్రీలు తమ భర్తలను నిందించిరి, తమ నుదుటి వ్రాతను నిందించిరి. సారా దుకాణము తమ ఊరిలో ఏల యున్నది, ఎవరి అనుమతితో నున్నది అను ప్రశ్న అంతవరకు వారికి పుట్టలేదు. పుట్టినను ఎవరి నడుగవలెనో తెలియదు.

కలిగిరి మండలములోని దూబగుంట యను గ్రామమున ఆ ప్రశ్న పుట్టినది. అచ్చటి స్త్రీలు కూడబలుకుకొని, గుంపుగా పోయి, తమ ఊరిలో సారా అమ్మరాదని పట్టుబట్టిరి. ఊరిలోనికి వచ్చు సారాను అడ్డగించిరి. దుకాణము మూతపడెను. ఈ పనిలో ముందు నిలిచిన స్త్రీలలో రోశమ్మ యను నామె దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతట ప్రసిద్ధురాలయ్యెను. ఇచ్చట ఒక వింత జరిగినది. దూబగుంట స్త్రీలు చేసిన పనినే అక్షరాస్యతా కార్యక్రమమువారు తరువాతి వాచకములో "ఆడవాళ్లు ఏకమైతే" అను పాఠముగా వేసిరి. వాచకములోని కథ చదివి ఒక ఊరు మేల్కొన్నది. ఆ ఊరి కథ వాచకములో చదివి వందలకొలది ఊళ్లు మేల్కొన్నవి. పాఠ్యపుస్తకములు వ్రాయువారు ఇంతకు మించిన భాగ్యమును కోరరు.

1992లో ఉద్యమము జిల్లా యంతట వ్యాపించెను. స్త్రీలు దుకాణముల యెదుట కూర్చుండిరి. కొన్ని యూళ్లలో చీపుళ్లు, కారపు పొడి చేతబట్టి కావలి కాచిరి. ఉద్యోగుల వద్దకు పోయి అర్జీలిచ్చిరి. నెల్లూరులో జరుగవలసిన సారా వేలంపాటలను వారి పట్టుదల వలన పలుమార్లు వాయిదా వేయవలసి వచ్చెను. ఏ పెద్ద పార్టీయు వీరిని పిలిచి కూర్చుండబెట్టలేదు. పార్టీలు, సంఘములు, వార్తాపత్రికలు తరువాత వచ్చి చేయి కలిపినవి.

ప్రభుత్వము వెంటనే యేల ఒప్పుకొనలేదని మీరడుగవచ్చును. దానికొక కారణము కలదు. సారా వలన ప్రభుత్వమునకు ఏటేట వందల కోట్ల రూపాయల రాబడి యుండెను. ఆ సొమ్ముతోనే జీతములు, రోడ్లు, బడులు నడుచుచున్నవని ఉద్యోగులు చెప్పిరి. అది అబద్ధము కాదు. కాని ఆ సొమ్ము ఎవరి యింటినుండి, ఎవరి పిల్లల అన్నపు కంచమునుండి వచ్చుచున్నదో ఆ లెక్క ప్రభుత్వపు పుస్తకములలో లేదు. దానిని చూపినవారు నెల్లూరు స్త్రీలు.

1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాను నిషేధించిరి. తరువాత జరిగిన ఎన్నికలలో మద్యనిషేధము పెద్ద విషయమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. ఇంతటితో కథ ముగిసినచో ఎంతయో బాగుండెడిది. కాని దొంగతనముగా మద్యము తెచ్చువారు పెరిగిరి, ఖజానాకు రాబడి తగ్గెను. 1997లో ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును ఎత్తివేసెను. సారాపై నిషేధము మాత్రము నిలిచినది, ఇతర మద్యము మరల దుకాణములకు వచ్చెను. ఆ స్త్రీలు గెలిచిరా, ఓడిరా యని నన్నడిగినచో నేను రెండును అనలేను. గెలిచిన దానిని నిలుపుకొనుట గెలుచుటకంటె కష్టమని మాత్రము చెప్పగలను. ఉద్యమపు వేడి చల్లారి ఎవరి పనిలో వారు పడినప్పుడు, రాబడి లెక్కలు వేయువారు మాత్రము తమ పనిని మానలేదు.

నెల్లూరు స్త్రీలు ఎదిరించినది కంటికి కనబడు శత్రువును. దుకాణము కనబడును, జీపు కనబడును, పొట్లము కనబడును. కాగితములలో దాగియున్న అన్యాయమును పట్టుకొనుట యెట్లు? ఈ ప్రశ్నకు దారి చూపినవారు మనకు దూరమున, రాజస్థాను పల్లెలలో నున్న కూలివారు.

రాజస్థానులో కరవులు తరచు వచ్చును. కరవు కాలమున ప్రభుత్వము చెరువులు, బాటలు త్రవ్వించి కూలి ఇచ్చెడిది. కాని చట్టము చెప్పిన కనీసపు కూలి చేతికి వచ్చెడిది కాదు. ఏమని యడిగినచో, "మీరు చేసిన పని తక్కువ, కొలతల పుస్తకములో అట్లే యున్నది" అని సమాధానము. ఐనచో ఆ పుస్తకము చూపుడని యడిగిరి. అవి ప్రభుత్వపు రహస్య పత్రములు, చూపరాదని చెప్పిరి. 1923లో ఆంగ్లేయులు చేసిన అధికార రహస్యముల చట్టము వారికి అండగా నుండెను. తాను త్రవ్విన గుంట కొలతయు, తాను చేసిన పనిదినముల లెక్కయు తనకే రహస్యమైన వింతను ఆలోచింపుడు!

1990 మే 1న ఆ ప్రాంతపు కూలివారు, రైతులు కలసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘమును స్థాపించిరి. ప్రభుత్వోద్యోగమును విడిచి వచ్చిన అరుణా రాయ్, ఆమెతో నిఖిల్ డే, శంకర్ సింగ్ మొదలగువారు అందు పనిచేసిరి. 1994 డిసెంబరులో కోట్‌కిరానా అను గ్రామమున వారొక బహిరంగ విచారణ జరిపిరి. ఎట్లో సంపాదించిన మస్టరు నకళ్లను అందరి యెదుట పైకి చదివిరి. మస్టరనగా పనికి వచ్చిన కూలివారి పేర్లు, దినములు, చెల్లించిన సొమ్ము వ్రాయు పట్టీ. ఇట్టి విచారణలలో విచిత్రములు బయటపడినవి. చనిపోయినవారు పనికి వచ్చినట్లు వ్రాయబడెను. ఊరు విడిచి పోయినవారు కూలి తీసికొన్నట్లు వ్రేలిముద్రలు కలవు. కట్టినట్లు లెక్క వ్రాసిన కట్టడములు ఊరిలో ఎచ్చటను లేవు.

1996 ఏప్రిలులో బ్యావర్ పట్టణమున ఈ సంఘమువారు నలుబది దినములు ధర్నా చేసిరి. కూలి పెంచుడని గాని, అన్నము పెట్టుడని గాని వారడుగలేదు. లెక్కలు చూపుడని మాత్రమే యడిగిరి. పట్టణవాసులు వారికి ధాన్యము, కూరలు ఇచ్చి పోషించిరి. చదువురాని జనులకు లెక్కలేల యని యడిగినవారికి ఒక పల్లెటూరి స్త్రీ చెప్పిన సమాధానము ప్రసిద్ధమైనది. తన కొడుకునకు పది రూపాయలిచ్చి అంగడికి పంపినప్పుడు తాను లెక్క అడుగుదుననియు, తన పేరు చెప్పి ప్రభుత్వము కోట్ల రూపాయలు ఖర్చు పెట్టుచుండగా దాని లెక్క ఏల అడుగరాదనియు ఆమె అన్నది. ఆర్థికశాస్త్ర గ్రంథములు చదివిన మనము కూడ దీనికి ఒక్క మాట చేర్చలేము.

ఆ పల్లెల ప్రశ్న క్రమముగా ఢిల్లీని చేరెను. పార్లమెంటు సమాచార హక్కు చట్టమును చేయగా, అది 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఏ పౌరుడైనను తెల్లకాగితముపై తన ప్రాంతపు అధికార భాషలో, అనగా మన తెలుగులో, దరఖాస్తు వ్రాసి ప్రభుత్వ కార్యాలయములోని పత్రములను చూడవచ్చును, నకళ్లు పొందవచ్చును. ఏల అడుగుచున్నావని అధికారి అడుగరాదు. 30 దినములలో సమాధానమీయవలెను. మనుష్యుని ప్రాణమునకు గాని, స్వేచ్ఛకు గాని సంబంధించినదైనచో 48 గంటలలో ఈయవలెను. ఈయనిచో పై అధికారికి, అచ్చటను న్యాయము జరుగనిచో సమాచార కమిషనుకు అప్పీలు చేయవచ్చును. దేశరక్షణ మొదలగు కొన్ని విషయములకు మాత్రము మినహాయింపు కలదు. రుసుము మిక్కిలి స్వల్పము. 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన నియమములలో గ్రామస్థాయి కార్యాలయములకు రుసుమే లేదు.

అడుగుటలో కూడ నేర్పు కావలెను. "మా ఊరి రోడ్డు ఏల ఇంత అధ్వాన్నముగా నున్నది?" అని వ్రాసినచో అది కోపమగును గాని ప్రశ్న కాదు. దానికి సమాధానము దొరకదు. ఆ రోడ్డునకు ఏ సంవత్సరమున ఎంత సొమ్ము మంజూరైనది, ఎవరు పని చేసిరి, ఎంత చెల్లించిరి అని యడిగి, కొలతల పుస్తకపు నకలు కోరినచో ఇక తప్పించుకొను దారి యుండదు. మరియొక సంగతి. ఆ చట్టమున సమాచార హక్కు పౌరులందరికి కలదని వ్రాసియున్నది గాని, ఓటర్లకు మాత్రమే యని వ్రాయలేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న మీరు ఓటు వేయుటకు ఇంకను నాలుగైదేండ్లు ఆగవలెను. లెక్క అడుగుటకు ఆగనక్కరలేదు.

ఈ హక్కును కూడ ఎవరో పళ్లెరములో పెట్టి యిచ్చి ఊరకుండలేదు. సమాధానములు ఆలస్యమగుచున్నవి. కమిషనుల వద్ద అప్పీళ్లు పేరుకొనిపోవుచున్నవి. అడిగినందుకు బెదిరింపులకు గురియైనవారు కలరు, ప్రాణములు కోల్పోయినవారును కలరు. అడుగుట వలన ఎవరికో నష్టము కలుగుచున్నదనుటకు ఇదియే నిదర్శనము.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పదిమంది చేరినంతమాత్రమున ప్రజలు కారు. బస్సుల అద్దములు పగులగొట్టువాడు గుంపులో దాగును. ఎవడు విసిరెనో తెలియకుండుటయే అతని ధైర్యము. అర్జీ పెట్టువాడు క్రింద తన పేరు వ్రాసి సంతకము చేయును. దూబగుంట స్త్రీలు ఎవరో ఊరందరికి తెలియును. బ్యావరులో కూర్చున్నవారు ఎవరో పట్టణమంతటికి తెలియును.

మన రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణ వలన గ్రామసభకు రాజ్యాంగ గౌరవము లభించెను. గ్రామపు ఓటర్ల జాబితాలో పేరు గల ప్రతివారును దానిలో సభ్యులే. ఎన్నికైనవారు పంచాయతీలో కూర్చుందురు. ఎన్నుకొన్నవారు గ్రామసభలో కూర్చుందురు. సర్పంచి తన పనుల లెక్కలను చెప్పవలసినది ఈ సభలోనే. చాల ఊళ్లలో ఈ సభ కాగితముపై జరిగి, సంతకములు మాత్రము ఇండ్లకు వచ్చి పోవుచున్నవి. సభకు పోనివాడు తరువాత అరుగుపై కూర్చుండి పంచాయతీని తిట్టుట మనకు పరిచితమైన దృశ్యము.

2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. రాజస్థాను కూలివారు నేర్పిన పాఠమును ఆ పథకమున చట్టముగానే చేర్చిరి. పనుల లెక్కలను గ్రామసభ తనిఖీ చేయవలెనని అందు నియమము చేసిరి. దీనికి సామాజిక తనిఖీ యని పేరు. ఆంధ్రప్రదేశ్ దీనిని 2006 నుండియే శ్రద్ధతో చేపట్టి ఇతర రాష్ట్రములకు మార్గము చూపెను. కూలివారి కుటుంబములకు చెందిన యువతీయువకులకు శిక్షణ నిచ్చి, మస్టర్లు వారి చేతికిచ్చిరి. వారు ఇల్లిల్లు తిరిగి, మస్టరులో నున్న దినములు నిజమా యని ఒక్కొక్కరిని అడిగిరి. చేసిన పనిని టేపుతో కొలిచిరి. పిమ్మట సభలో అందరి యెదుట ఆ లెక్కలను చదివిరి. అపహరించిన సొమ్మును కొందరు సిబ్బంది తిరిగి చెల్లింపవలసి వచ్చెను.

ఇట్టి సభ మధ్యాహ్నమువేళ ఏ బడి ఆవరణలోనో, చెట్టు క్రిందనో జరిగెడిది. ఒకవైపు బల్లపై అధికారులు, ఎదుట నేలపై కూలివారు. తనిఖీ చేసిన యువకుడు మస్టరు తెరచి, ఒక్కొక్క పేరు, దాని యెదుట వ్రాసిన దినములు పైకి చదివెడివాడు. కొన్ని పేర్లకు తలలూపుట మాత్రమే జరిగెడిది. మరికొన్ని పేర్ల దగ్గర వెనుక వరుసలోనుండి ఒక స్త్రీ లేచి, కొంగు నడుమునకు దోపుకొని, ఆ పేరు తనదే గాని అన్ని దినములు తాను పనికి పోలేదని, అంత సొమ్ము తన చేతికి రాలేదని చెప్పెడిది. చదువుట ఆగెడిది. ఎన్ని దినములు పోతివమ్మా యని యువకుడు అడిగెడివాడు. ఆమె చెప్పిన సంఖ్యను మస్టరులోని సంఖ్య ప్రక్కన వ్రాసికొని, ఆమె చేత అచ్చట సంతకము పెట్టించుకొని, తరువాతి పేరు చదివెడివాడు.